బొజ్జన్నను చూసిన కళ్లు

పొద్దున ఎలమంచిలి స్టేషన్‌లో విశాఖ బండి కోసం నిలబడ్డవాళ్లు ఏ పనిమీద వెళుతున్నారో చేతిలో సంచిని చూసి చెప్పొచ్చు. ఎక్స్‌రే కవరు ఉంటే కేజీహెచ్ ఆసుపత్రి. అర్జీల ఫైలు ఉంటే అనకాపల్లి కలెక్టరాఫీసు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చాక ఆ పనికి విశాఖ దాకా పోనక్కర్లేదు. కొబ్బరికాయలుంటే సింహాచలం. రబ్బరు బంతి ఉంటే ఆర్కే బీచి. సెలవు రోజుల్లో కొబ్బరికాయా బంతీ ఒకే సంచిలో ఒరుసుకుంటుంటాయి. పొద్దున సింహాచలం అప్పన్న, మధ్యాహ్నం సబ్‌మెరైన్, సాయంత్రం సముద్రం, రాత్రికి తిరుగు బండి. సుమారు 60 కిలోమీటర్ల దూరం, ఒక్క రోజు పని. ఇది తీర్థయాత్రా విహారయాత్రా అని ఆ కుటుంబాన్ని నిలదీస్తే నవ్వేసి, వైజాగ్ వెళ్తున్నామంటారు.

వాళ్లు నవ్వడంలో తప్పు లేదు. ఆ రెండింటినీ విడదీయడం మన భాషకే చేతకాలేదు.

సరదా ప్రయాణాన్ని తెలుగులో విహారయాత్ర అంటాం. విహారం అంటే తిరగడం. బౌద్ధ భిక్షువులు ఉండే మఠానికీ అదే పేరు. వానాకాలం తిరుగుడు మానేసి ఒకచోట కుదురుగా ఉండమని బుద్ధుడు చెబితే, అలా కుదురుకున్న చోటికి తిరుగుడు పేరే మిగిలింది. తీర్థం అంటే మొదట రేవు, నీళ్లలోకి దిగే చోటు. తర్వాత పుణ్యక్షేత్రమైంది, గుళ్లో అరచేతిలో పోసే నీళ్లయింది. ఉత్తరాంధ్రలో జాతర కూడా తీర్థమే. ఇక దర్శనం సంగతి మరీను. కంటితో చూడడం దర్శనం, గర్భగుడి ముందు చేతులు జోడించి నిలబడడం దర్శనం, సాంఖ్యం న్యాయం వేదాంతం లాంటి ఆలోచనా మార్గాలూ దర్శనాలే. శాస్త్రం లెక్కలో అవి ఆరు. దేవస్థానాల బోర్డుల మీద ఉచితమనీ శీఘ్రమనీ అతి శీఘ్రమనీ రకాలు పెరుగుతూ పోతున్నాయి గనుక ఆ లెక్క ఏనాటికీ తేలదు.

అయితే ఈ మాటల కలగాపులగంలో ఒక అసలు ప్రశ్న ఉంది. చూడటానికి వెళ్లినవాడు చూసేది ఏమిటి? ఎదురుగా ఉన్న రాయినా, ఆ రాయికి ముందే పెట్టి ఉన్న పేరునా? విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఈ ప్రశ్నను ఏ గురువూ అడగనంత సూటిగా అడుగుతాయి.

అనకాపల్లిలో దిగి కాస్త దూరం పోతే శంకరం అనే ఊరు. పేరు వింటే శివుడు గుర్తొస్తాడు గానీ, బౌద్ధ మఠాన్ని చెప్పే సంఘారామం అన్న మాటే అరిగి అరిగి శంకరమైందని పండితుల మాట. ఊరి పక్కనే రెండు కొండలు. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి ఇక్కడ తవ్వకాలు చేయించేదాకా ఇవి ఊరివాళ్ల కొండలే. బొజ్జన్నకొండ మీద రాతిని తొలిచి రెండంతస్తుల గుహలు చేశారు. గుమ్మానికి అటూ ఇటూ ద్వారపాలకులు, లోపల పద్మాసనంలో బుద్ధుడు, పైన శిల చుట్టూ ఇటుక పేర్చిన మహాస్తూపం. సుమారుగా నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఇక్కడ భిక్షువులు నివసించారు. హీనయానం, మహాయానం, వజ్రయానం ఒకదాని వెనక ఒకటి ఇదే మెట్ల మీదుగా నడిచిపోయాయి. తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం ఒకటి దొరికింది. విషమసిద్ధి అన్న బిరుదున్న తూర్పు చాళుక్యుల రాగి నాణేలూ దొరికాయి.

బొజ్జన్న అంటే బుద్ధన్న. ఊరి నోట్లో బుద్ధుడు అన్నయ్య అయ్యాడు. అప్పన్న అన్నంత చనువుగా, ఎల్లన్న మల్లన్న వరసలో కలిసిపోయాడు. అంతవరకూ ముచ్చటే. కానీ భిక్షువులు వెళ్లిపోయి వెయ్యేళ్లు గడిచేసరికి బుద్ధుడు మరుగునపడి, బొజ్జన్నలో బొజ్జ ఒక్కటే మిగిలింది. కొండ మీద గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉన్న స్తూపం ఆ పేరుకు అతికినట్టు సరిపోయింది. ఇది ఎవరి బొజ్జ? రాక్షసుడిది కాబోలు. ఏటా కనుమనాడు ఇక్కడ తీర్థం జరుగుతుంది. ఆ రోజు కొండెక్కిన జనం ఆ రాక్షసుడి పొట్ట మీదకు రాళ్లు విసరడం చాలాకాలం ఆనవాయితీగా సాగింది. పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థవాళ్లు పోలీసుల సాయంతో నచ్చజెప్పి దాన్ని మాన్పించారు. రాయి విసిరినవాళ్లలో బుద్ధుడి మీద కోపమున్నవాడు ఒక్కడూ ఉండి ఉండడు. పిల్లలతో, చెరకు ముక్కలతో, పండగ బట్టలతో వచ్చినవాళ్లే. పేరులో ఒక అక్షరం జారితే చేతిలోకి రాయి వచ్చింది.

పక్కనున్న లింగాలకొండకు పట్టిన అదృష్టం వేరు. అక్కడ కొండ రాతినే చెక్కి వరసలు వరసలుగా చిన్నా పెద్దా స్తూపాలు నిలబెట్టారు. గోపురంలా గుండ్రని తలలతో, ఒకదాని పైన ఒకటి మెట్లు మెట్లుగా అవి కొండెక్కుతున్నట్టు ఉంటాయి. భిక్షువుల గుర్తు చెరిగిపోయాక వాటిని చూసినవాళ్లకు అవి లింగాల్లా కనిపించాయి. కొండ పేరు లింగాలకొండ అయింది. ఇదీ పొరపాటే. బొజ్జన్నను రాక్షసుడనుకోవడం ఎంత పొరపాటో, స్తూపాన్ని లింగమనుకోవడమూ అంతే. కానీ లింగమనుకున్నవాడు దాని మీద రాయి వేయడు. పెరికి తీసుకెళ్లి గోడలో పెట్టుకోడు.

ఇది చిన్న విషయం కాదు. అమరావతిలో ఏం జరిగిందో తెలిస్తే దీని విలువ అర్థమవుతుంది. అక్కడి మహాస్తూపం మట్టిలో కప్పబడిపోయాక జనం దాన్ని దీపాలదిన్నె అన్నారు. దిన్నె అన్నాక తవ్వుకోవడానికి అడ్డేముంది? 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు కూలీలు ఆ దిన్నె నుంచి రాళ్లు లాగారు. సర్వే అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి చూసి వెళ్లి, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చేసరికి చాలావరకు కరిగిపోయింది. కొన్ని శిల్పాలు సున్నం బట్టీ పాలయ్యాయి. అవి లింగాలో అమ్మవార్లో అని ఊళ్లో ఒక్కరికి అనిపించి ఉంటే?

వేదాంతులకు ఇష్టమైన దృష్టాంతం ఒకటి తెలుగువాళ్లందరికీ తెలుసు. చీకట్లో తాడును చూసి పామని హడలిపోయినవాడు, దీపం తెచ్చాక నవ్వుకుంటాడు. పాము భ్రాంతి, తాడు సత్యం. ఆ లెక్కన పురావస్తు శాఖ పాతిన నీలం బోర్డు దీపం, లింగాలు భ్రాంతి. శంకరం కొండల మీద నిలబడితే మాత్రం ఈ దృష్టాంతానికి ఇంకో వైపు ఉందనిపిస్తుంది. తాడును పామనుకున్నవాడు దాన్ని తొక్కడు. దీపం వచ్చేదాకా తాడును కాపాడింది ఆ పామే.

చూపుకూ పేరుకూ మధ్య ఉన్న ఈ చిక్కును తర్కంగా పట్టించుకున్నవాడు మన నేల మీదే తిరిగాడు. దిఙ్నాగుడు అనే ఆ బౌద్ధ తార్కికుడిది కంచి ప్రాంతమంటారు; బౌద్ధ ఆచార్యుడు వసుబంధుడి శిష్యుడని సంప్రదాయం. ఏడో శతాబ్దంలో ఆంధ్ర దేశానికి వచ్చిన చీనా యాత్రికుడు హుయాన్ త్సాంగ్, వేంగి దగ్గరి ఒక కొండ మీద దిఙ్నాగుడు తర్కశాస్త్రం రాశాడని చెప్పుకోగా విని రాసుకున్నాడు. ప్రత్యక్షం అంటే ఏమిటన్న ప్రశ్నకు దిఙ్నాగుడు 'ప్రమాణసముచ్చయం'లో చెప్పిన జవాబు కల్పనాపోఢం. అంటే ఊహ అంటనిది, పేరు తగలనిది. కంటికి ఒక రంగు, ఒక ఆకారం తగిలిన ఆ మొదటి క్షణం మాత్రమే చూపు. ఇది ఆవు, ఇది తెల్లది, ఇది మా ఎదురింటివాళ్లది అన్నామంటే చూడడం అయిపోయి అనుకోవడం మొదలైనట్టు. న్యాయ దర్శనాన్ని పాటించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. పేరు లేకుండా తగిలే మొదటి చూపు నిర్వికల్పకం, పేరుతో సహా తెలిసే తర్వాతి చూపు సవికల్పకం, రెండూ ప్రత్యక్షమే అన్నారు. ఈ తగాదా కొన్ని వందల ఏళ్లు నడిచింది.

దిఙ్నాగుడి మాట కాదనడం కష్టం, దానితో బతకడం ఇంకా కష్టం. పేరు లేకుండా బొజ్జన్నకొండ ఎక్కిన మనిషి ఉంటాడా? పైగా ఎక్కేముందే ఫోనులో ఫోటోలు చూసి వస్తాం. మనం చూసేది చాలావరకు పోల్చుకోవడమే.

సింహాచలానికి వస్తే ఈ తర్కం తలకిందులవుతుంది. ఇక్కడ చూడటానికి వచ్చినవాళ్లకు చూపించకపోవడమే సంప్రదాయం. వరాహ లక్ష్మీనరసింహస్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. గర్భగుడి దగ్గరికి చేరిన భక్తుడికి కనిపించేది చందనం ముద్ద. ఆకారం చూస్తే శివలింగమనే ఎవరైనా అంటారు. రామానుజాచార్యులు వచ్చేదాకా ఇది శివాలయమేనని ఒక ఐతిహ్యం కూడా ఉంది. వైశాఖంలో అక్షయ తృతీయనాడు ఒక్కరోజు, సుమారు పన్నెండు గంటలపాటు, నిజరూప దర్శనం. ముందురోజు రాత్రి అర్చకులు వెండి బొరిగెలతో చందనాన్ని ఒలుస్తారు. లోపలున్నది వరాహ ముఖం, మనిషి దేహం, సింహం తోక. తొలి దర్శనం వంశపారంపర్య ధర్మకర్తలైన పూసపాటివారిది. ఆ రాత్రికే గంగధార నీళ్లతో సహస్ర ఘటాభిషేకం చేసి మళ్లీ మూడు మణుగుల చందనం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మరో మూడు పూతలు. అంతటితో స్వామి మళ్లీ మరుగు.

పురూరవుడికి ఈ విగ్రహం పుట్టలో దొరికిందనీ, తొలగించిన పుట్టమన్ను ఎంతో అంత చందనం పూయమని ఆకాశవాణి చెప్పిందనీ స్థలపురాణం. మన్ను తీస్తే దేవుడు కనబడతాడన్నది పురావస్తువాళ్ల మాట కూడా. కానీ సింహాచలంలో తవ్వి తీసినదాన్ని వెంటనే కప్పేశారు. అలెగ్జాండర్ రే బతికి ఉండి విని ఉంటే బెంగపడేవాడు.

కప్పి ఉంచిన దేవుణ్ణి చూడటానికే మిగతా 364 రోజులూ జనం వస్తారు. కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటారు, కోడెదూడలను మొక్కుకుంటారు, పుట్టిన పిల్లలకు అప్పన్న, అప్పలనర్సమ్మ, సింహాచలం అని పేర్లు పెట్టుకుంటారు. కటకం గజపతి మీద దండయాత్రకు వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇక్కడికి వచ్చి ఆభరణాలు సమర్పించిన సంగతి గోడల మీద శాసనాలుగా ఉంది. ఎవరూ మాకు అసలు విగ్రహం కనబడలేదు, టికెట్టు డబ్బులు వెనక్కివ్వండి అనరు. ఆషాఢ పౌర్ణమి ముందు జరిగే గిరి ప్రదక్షిణ ఇంకా వింత. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి లక్షల మంది కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక దాటి సముద్రం ఒడ్డుకొచ్చి, అప్పూఘర్ దగ్గర మునిగి, మద్దిలపాలెం, కంచరపాలెం, గోపాలపట్నం మీదుగా తెల్లారేసరికి మళ్లీ కొండ దగ్గరికి. ఆ రాత్రి దేవుడు కనపడడు, కొండ కూడా చాలాచోట్ల కనపడదు. కనిపించేది ముందున్నవాడి వీపు. అదే అప్పూఘర్‌కు మర్నాడు ఆదివారం సరదాగా వచ్చేవాడు ఐస్‌క్రీమ్ తింటూ అదే సముద్రాన్ని చూస్తాడు. ఇద్దరిలో ఎవరిది యాత్ర అన్న తగువు పెట్టుకోనవసరం లేదు. చాలాసార్లు ఇద్దరూ ఒకే మనిషి.

నిజరూపం చూడాలన్న తపనకు ఎంత బలముందో చెప్పాలంటే 2025 ఏప్రిల్ 30ని తలుచుకోక తప్పదు. ఆ తెల్లవారుజామున, చందనోత్సవం క్యూలో నిలబడ్డవాళ్ల మీద వర్షానికి కొత్తగా కట్టిన గోడ కూలింది. ఏడుగురు చనిపోయారు. మూడొందల రూపాయల టికెట్టు చేతిలో పట్టుకుని, ఏడాదికొకసారి తెరిచే రూపం కోసం నిలబడి ఉన్న మనుషులు. చూపు ఎప్పుడు మొదలవుతుంది, పేరు ఎప్పుడు తగులుతుంది అని వాదించుకున్న ఏ దర్శనంలోనూ ఆ క్యూకు జవాబు లేదు.

కొండ దిగి పాత పట్నంలో బురుజుపేటకు వస్తే పూర్తిగా వేరే లోకం. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు. గోపురం నీడ పడదు, ఎండావానా నేరుగా అమ్మవారి మీదే. ఆమె బావిలో దొరికిందంటారు. ఎడమ చెయ్యి లేదు. భక్తులు తమ చేతులతోనే పసుపు రాస్తారు, కుంకుమ పెడతారు, పాలు పోస్తారు. కులం అడిగేవాళ్లు లేరు, మధ్యలో అడ్డుతెర లేదు. మార్గశిర గురువారాల్లో ఆ సందుల్లో కాలు పెట్టే చోటుండదు. రోడ్డు కోసం ఒకప్పుడు అమ్మవారిని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు చెలరేగిందనీ, తిరిగి తెచ్చి పెట్టాక తగ్గిందనీ చెప్పుకుంటారు. అప్పన్న కంటికి దక్కడు, అమ్మవారు కంటితో ఆగదు. ఒకే ఊళ్లో, ఒకే సంచిలోని కొబ్బరికాయలతో, ఒకే రోజున ఈ రెండు దర్శనాలూ చేసుకునే కుటుంబం ఏ సిద్ధాంతానికి చెందినదో చెప్పగల పండితుడు ఇంకా పుట్టలేదు.

బురుజుపేటకు దగ్గర్లోనే హార్బరు ముఖద్వారం. డాల్ఫిన్స్ నోస్ ఎదురుగా మూడు చిన్న కొండలు వరసగా: ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇస్హాక్ మదీనా దర్గా, ఇంకొకదాని మీద మరియమాత చర్చి. చర్చి ఉన్న కొండను రాస్ హిల్ అంటారు. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది ప్రార్థనాలయమైంది. ఈ మూడు కొండలను చూపించి మతసామరస్యం గురించి రెండు వాక్యాలు రాయడం పర్యాటక కరపత్రాలకు అలవాటు. అంతకన్నా ఆసక్తికరమైనది దర్గా చరిత్ర. బంగాళాఖాతం మీద గాలీ కెరటమూ ఆ దర్గాలోని వలీ ఇస్హాక్ మదీనా మాట వింటాయని నావికుల నమ్మకం. రేవులోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పడవలవాళ్లు జెండాను మూడుసార్లు దించి ఎత్తి ఆయనకు సలాం చేసేవాళ్లనీ, క్షేమంగా తిరిగొచ్చిన హిందూ పడవ యజమానులు వెండి పడవలు కానుకగా ఇచ్చేవాళ్లనీ బ్రిటిషు కాలం నాటి జిల్లా గెజెటీర్ రాసుకుంది. తుఫాను ముందు మతం పేరు అడగడం నావికుడికి చేతకాని పని.

ఊరి పేరు సంగతీ అంతే. సముద్రం మింగేసిన విశాఖేశ్వరుడి గుడి వల్ల విశాఖపట్నం అని కొందరు. బుద్ధుడి శిష్యురాలు విశాఖ పేరు మీదుగా అని కొందరు. ఇస్హాక్ పట్నమే నాలుక తిరిగి విశాఖపట్నమైందని ఇంకొందరు. మునిగిన గుడిని చూసినవాళ్లు లేరు. అయినా లాసన్స్ బే వైపు ఒడ్డున నిలబడి అదిగో ఆ అలల కింద అని వేలు చూపించే పెద్దలు ఉన్నారు. ఆ వేలు చూపించిన దిక్కున దండం పెట్టేవాళ్లు కూడా.

రేవు అన్నాక మధ్యధరా సముద్రం గుర్తు రాక తప్పదు. తత్వశాస్త్రానికి తలమానికమనిపించుకున్న ప్లేటో 'రిపబ్లిక్' మొదలయ్యేది ఒక రేవు పట్నంలోనే. సోక్రటీస్ ఏథెన్స్ నుంచి పిరయస్ రేవుకు దిగివెళతాడు. అక్కడ థ్రేస్ దేశం నుంచి కొత్తగా వచ్చిన బెండిస్ అనే దేవతకు మొదటిసారి జాతర చేస్తున్నారు. దేవతకు మొక్కుకోవాలి, జాతర ఎలా చేస్తారో చూడాలి. ఆయన చెప్పుకున్న కారణాలు ఆ రెండే. కొబ్బరికాయా బంతీ ఒకే సంచిలో ఉన్న కుటుంబంలాగే. తిరిగి వెళ్లిపోతుంటే మిత్రులు ఆపుతారు. రాత్రి గుర్రాల మీద కాగడాల పందెం ఉంది, చూసి వెళ్దువుగాని అంటారు. సరేనని ఒక ఇంట్లో కూర్చుంటారు. న్యాయం అంటే ఏమిటన్న మాట వస్తుంది. పది అధ్యాయాల పుస్తకం అయిపోతుంది గానీ కాగడాల పందెం చూడటానికి ఎవరూ లేవరు.

గ్రీకుల్లోనూ మన దర్శనం లాంటి మాట ఒకటుంది: థియోరియా. దూరపు క్షేత్రాల్లో జరిగే ఉత్సవాన్ని చూసి రమ్మని ఒక నగరం తన ప్రతినిధులను పంపేది. ఆ చూడటానికి వెళ్లడమే థియోరియా. తర్వాత తత్వవేత్తలు ఆ మాటను బుద్ధితో చూడటానికి వాడారు. అక్కడి నుంచే ఇంగ్లీషు థియరీ వచ్చింది. జాతర చూడటం నుంచి సిద్ధాంతం దాకా ఆ మాట నడిచిన దారీ, దర్శనం అన్న మాట మన దగ్గర నడిచిన దారీ ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న అనుమానం రావచ్చు. నేర్చుకోనక్కర్లేదు. రేవుల్లో బతికినవాళ్లకు కొత్త దేవుళ్లను చూడక తప్పదు, చూశాక ఆలోచించకా తప్పదు.

రెండు తీరాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి కూడా. భీమిలి రోడ్డులో, సముద్రానికి 128 మీటర్ల ఎత్తున తొట్లకొండ ఉంది. 1976లో నౌకాదళం విమానాల్లోంచి సర్వే చేస్తుంటే అక్కడ శిథిలాలు బయటపడ్డాయి. వాళ్లు చూడబోయింది ఒకటి, కనిపించింది ఒకటి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలు, విహారాలు, వాననీళ్ల కోసం కొండ రాతిలో తొలిచిన తొట్లు తేలాయి. కొండకు ఆ పేరు వచ్చింది ఆ తొట్ల వల్లే. ఇక్కడ జనం పెట్టిన పేరులో దేవుడూ రాక్షసుడూ ఎవరూ లేరు. ఉన్నది ఉన్నట్టు తొట్టిని తొట్టి అన్నారు. దిఙ్నాగుడు దీనికీ ఒప్పుకోడనుకోండి, తొట్టి అన్నదీ పేరే కదా. ఆ మట్టిలో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. భిక్షువుల చేతికి రోమ్ డబ్బు ఎలా వచ్చిందంటే, కింద సముద్రం, పైన విహారం, మధ్యలో దానమిచ్చే వర్తకుడు.

దానికి జవాబుగా అటువైపు ఉన్నది ఇంకా విచిత్రం. ఈజిప్టులో ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే అనే పాత రోమన్ రేవు ఉంది. 2022లో అక్కడి ఐసిస్ దేవత గుడి ఆవరణలో సుమారు 71 సెంటీమీటర్ల పాలరాతి బుద్ధుడు దొరికాడు. 2023లో ప్రపంచానికి తెలిసింది. రాయి మధ్యధరా వైపుది. చెక్కింది బహుశా అలెగ్జాండ్రియాలో. తల వెనక సూర్యకిరణాల్లాంటి ప్రభ, పక్కన తామర. అదే గుడిలో శాతవాహనుల నాణేలూ దొరికాయి. తొట్లకొండ మీద బుద్ధుడి దగ్గర రోమ్ డబ్బు, రోమన్ రేవులో ఐసిస్ అమ్మవారి దగ్గర మన డబ్బు. ఆ బొమ్మను చూసి అక్కడి జనం ఏమనుకున్నారు? చెక్కినవాడికి సూర్యదేవుడు గుర్తొచ్చి ఉండాలి, ఆ కిరణాలు అందుకే. బుద్ధుడన్న పేరే వినలేదని మాత్రం అనలేం, క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉన్న క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు, భారతీయుల్లో కొందరు బౌట్టా చెప్పిన దారిలో నడుస్తారనీ ఆయన పవిత్రతకు ఆయన్ను దేవుడిగా కొలుస్తారనీ రాశాడు. శంకరంలో బొజ్జన్న, అలెగ్జాండ్రియాలో బౌట్టా. పేరు ఎటు పోయినా నలిగింది. అయితే బెరెనికేలో ఆ బొమ్మను గుడి ఆవరణలో పెట్టారు. పేరు ఏమని పిలిచారన్నది కన్నా ఆ చేతులు చేసిన పని పెద్దది.

ఆర్కే బీచిలో ఒడ్డునెక్కి ఉన్న కుర్సుర సబ్‌మెరైన్ దగ్గరా ఇదే గమనించొచ్చు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విరమించి, మరుసటి ఏడాది మ్యూజియమైన ఓడ అది. టికెట్టు కొని, క్యూ కట్టి, తల వంచి ఇరుకు గుమ్మాల్లోంచి వెళ్లాలి. అచ్చం గర్భగుడి దారే. లోపల చూపించేవాళ్లు నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లు. టార్పెడోల పక్కనే పడకలు చూపించి, రోజుల తరబడి నీళ్ల కింద ఎలా ఉండేవాళ్లో చెబుతుంటే, అప్పటిదాకా సెల్ఫీలకు చెయ్యెత్తిన కుర్రాళ్ల చెయ్యి మెల్లగా దిగుతుంది. అది విహారమా దర్శనమా అన్నది ఆ చేతినే అడగాలి.

రాత్రి బండిలో సంచి తేలికవుతుంది. కొబ్బరి చిప్పలు, ఇసుక అంటిన బంతి, కాస్త చందనం పొట్లం. అనకాపల్లి దాటుతున్నప్పుడు ఎవరూ కిటికీలోంచి బొజ్జన్నకొండ వైపు చూడరు, ఆ చీకట్లో చూసినా కనపడదు.

ఎలమంచిలివాళ్లు చూడటానికి దూరం పోనక్కర్లేదన్న సంగతి ఎలమంచిలివాళ్లే మర్చిపోయారు. తూర్పు చాళుక్యుల శాఖ ఒకటి ఒకప్పుడు ఇక్కడి నుంచి ఏలింది. పక్కనే రాంబిల్లి మండలంలోని పంచదార్ల కొండ మీద ధర్మలింగేశ్వరుడి గుడి స్తంభాల మీద ఆ రాజుల శాసనాలున్నాయి. పదిహేనో శతాబ్దం మొదట్లో వాళ్లు రాతిలో చెక్కించిన పేర్లవి. చదవగలిగినవాళ్లు ఏడాదికి ఎంతమంది వస్తారో గానీ, పంచదార్లకు ఆ పేరు తెచ్చిన అయిదు ధారలు మాత్రం రాతి తూముల్లోంచి పడుతూనే ఉంటాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయా నీళ్లు అని కాసేపు అందరూ తేరిపార చూస్తారు. తర్వాత ఒక్కొక్కరుగా వెళ్లి ధార కింద తల పెట్టి, కళ్లు మూసుకుంటారు.